దివిసీమ నీళ్ళ మీద నేను వేసిన నింద

ఉప్పునీటి అక్వేరియం పెట్టాలని సరదాపడే కుర్రవాళ్ళు మన జిల్లాలో ఇప్పుడు బాగానే ఉన్నారు. మీలో ఎవరిని కదిపినా ఒక మాట తప్పకుండా అంటారు. దివిసీమ వైపు సముద్రపు నీళ్ళు ట్యాంకుకు పనికిరావు, పొలాల మందు కలిసి ఉంటుంది, రొయ్యలు చచ్చిపోతాయి అని. ఎవరు చెప్పారని అడిగితే మాత్రం ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. ఆ మాట పుట్టించింది నేనే. అది అబద్ధం.

ఆ ఒక్క సంగతి సరిచేద్దామనే ఇది రాస్తున్నాను. కానీ దానికి ముందు ఆ ట్యాంకు గురించి చెప్పాలి. చెప్పడం మొదలుపెడితే నాకు ఇప్పటికీ ఉత్సాహం ఆగదు. తప్పు చేసినవాడికి ఇంత హుషారేమిటని మీకు అనిపించవచ్చు. ఏం చెయ్యను, నా పని జీవితం మొత్తంలో అంతకన్నా మంచి రెండు నెలలు లేవు. వాటిని పాడుచేసుకున్నదీ నేనే.

నేను మచిలీపట్నం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద పదమూడేళ్ళు టెక్నీషియన్‌గా పనిచేశాను. రోజూ పొద్దున్నే నీళ్ళు పరీక్ష చెయ్యడం, మేత ఎంత మిగిలిందో చూడడం, రొయ్యకు జబ్బు చేస్తే రైతు కంటే ముందు నేను మంచం పట్టడం. ఆ కంగారు పడలేక గుడివాడలో అక్వేరియం దుకాణం పెట్టాను. రంగు చేపలు, గాజు పెట్టెలు, మేత పొట్లాలు. పిల్లల పుట్టినరోజులకు గోల్డ్‌ఫిష్ అమ్ముకునేవాణ్ణి. ఇప్పుడు దుకాణం తీసేశాను. బకెట్లు మోసి మోసి మోకాళ్ళు అరిగిపోయాయి.

ఒకరోజు మా ఊళ్ళో పళ్ళ డాక్టరుగా మంచి పేరున్న ఒకావిడ దుకాణానికి వచ్చారు. చేపలేవీ చూడలేదు. నేరుగా అడిగారు.

"పగడాలు, వాటి మధ్య తిరిగే చేపలు, రొయ్యలు, అలాంటి ట్యాంకు మీరు పెట్టగలరా అండీ?"

అప్పటిదాకా నేను పెట్టిన అన్నిటికంటే పెద్దది నాలుగడుగుల మంచినీళ్ళ ట్యాంకు. రీఫ్ అనే అలాంటి పగడాల ట్యాంకును ఫోనులో వీడియోలు చూడడమే తప్ప చేత్తో ముట్టుకోలేదు. అయినా నా నోరు నాకంటే ముందే, "పెడతానండీ" అంది.

"అయితే ముందు ఇంటికి వచ్చి బల్ల చూడండి."

ఆ బల్ల ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అంతా టేకు. నందివాడ వైపు ఒక పల్లెలో వాళ్ళ పాత చర్చిలో ఉండేది. ఏటా కోతల పండగకు ఊరివాళ్ళు తెచ్చే కానుకలన్నీ దాని మీదే పెట్టేవారట. మొదటి పనలు, కొబ్బరికాయలు, అరటి గెలలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజులు. ఆరాధన అయ్యాక అక్కడే వేలం పాట. కొత్త చర్చి కట్టినప్పుడు చివరికి బల్లనే వేలం వేస్తే డాక్టరమ్మ గారి నాన్నగారు పాడుకున్నారు.

"దీని మీద అన్నం తినబుద్ధి కాదండీ. అమ్మబుద్ధీ కాదు" అన్నారావిడ. "మా నాన్న బతికున్నన్నాళ్ళూ దీని మీద పేపరు కూడా పెట్టనిచ్చేవాడు కాదు. దేవుడు చేసినవి పెట్టే బల్ల అనేవాడు. ఆయన జ్ఞాపకార్థ కూడిక రెండు నెలల్లో వస్తోంది. ఆ రోజుకి దీని మీద సముద్రం ఉండాలి."

నేను బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాను. గుండె దడదడలాడింది. ఆరడుగుల గాజు ట్యాంకు, కింద వడపోత తొట్టి, అన్నీ కలిపి వెయ్యి లీటర్లు. నీళ్ళే టన్ను బరువు. బల్ల కింద ఇనుప చట్రం వేసి, చుట్టూ టేకు చెక్కలు బిగించి బీరువాలా చేస్తే వడపోత తొట్టి లోపల దాగిపోతుంది. బల్ల పైచెక్కే ఆ బీరువాకు లోకప్పు అవుతుంది. అక్కడే కాగితం అడిగి బొమ్మ గీశాను. ఆవిడ చూసి నవ్వి, "మీరు చేపల వాళ్ళా, మేస్త్రీయా?" అన్నారు.

బల్లను మచిలీపట్నంలో ఒక పాలిష్ మేస్త్రీ దగ్గరికి తోలించాను. పెద్దాయన. ఆయన వార్నిష్ గీకుతుంటే నేను దుకాణం మూసి మరీ వెళ్ళి పక్కన కూర్చునేవాణ్ణి. నల్లటి పొర లేస్తే దాని కింద ఎర్ర పొర, దాని కింద ఎవరో వేసిన ఆకుపచ్చ పెయింటు, ఆ తర్వాత తేనె రంగులో అసలు టేకు. గుమ్మడికాయల అడుగు మచ్చలు గుండ్రంగా బయటపడ్డాయి. ఒక మూల కోడిపుంజు గోళ్ళ గీతలు. మేస్త్రీ గీకడం ఆపి వాటి మీద బొటనవేలు రాశాడు.

"ఇవి తీసెయ్యమంటారా?"

"వద్దండీ. పాలిష్ కింద కనపడనివ్వండి."

"బాగా చెప్పారు. కానీ ఇది చూడండి." బల్లను తిరగేసి అంచు చెక్కలు రెండు చూపించాడు. సన్నటి చిల్లులు, వాటిలోంచి పిండిలా రాలుతున్న పొడి. "చేవ లేని చెక్క. పురుగు పట్టింది. ఈ రెండూ తీసేసి వేరే టేకు అతుకుదాం. మంచి పాత చెక్క వెతకాలి. ఇరవై రోజులు పడుతుంది."

ఇరవై రోజులంటే కుదరదు. ఉప్పునీటి ట్యాంకు నింపిన రోజునే ప్రాణులను వదలకూడదు. నీళ్ళలో, రాళ్ళలో మంచి సూక్ష్మజీవులు పెరగాలి, దానికి నెల పైనే ఆగాలి. కూడిక తేదీ కళ్ళ ముందు ఉంది.

"మందు కొడితే సరిపోదా?" అన్నాను.

ఇక్కడ మీరు మా డెల్టా మనుషుల సంగతి అర్థం చేసుకోవాలి. వరికి పురుగు పడితే మందు. మినుముకు మందు. గట్టు మీద గడ్డికి మందు, గోడకు చెద పడితే మందు. మాకు ఏ ప్రశ్నకైనా మొదట తోచే జవాబు అదే. మేస్త్రీ కూడా ఆశ్చర్యపోలేదు. "నీళ్ళ తొట్టి కింద ఉంటుందంటున్నారుగా. మీ ఇష్టం" అని మాత్రం అన్నాడు.

చెదల మందు తెచ్చాను. రొయ్యల చెరువుల కాలం నాటి సిరంజి నా దగ్గర ఉంది. ఒక్కొక్క చిల్లులోకీ సూది పెట్టి, పొడి రాలడం ఆగేదాకా పట్టించాను. చిల్లులు లప్పంతో పూడ్చాం. పైభాగానికీ పక్కలకీ నాలుగు కోట్లు వేయించాను, అద్దంలా వచ్చింది. అడుగుభాగానికి ఒక్క కోటు కూడా వెయ్యలేదు. ఎవరికీ కనపడని వైపు కదా అనుకున్నాను. రొయ్యలతో పదమూడేళ్ళు కాపురం చేసినవాణ్ణి, ఆ మందు రొయ్యను ఏం చేస్తుందో నిద్రలో అడిగినా చెప్పగలవాణ్ణి. తడి లేని చెక్క లోపల ఉన్న మందు నీళ్ళలోకి ఎలా వస్తుందిలే అనుకున్నాను.

ఇక నీళ్ళు. ట్యాంకులకని అమ్మే సముద్రపు ఉప్పు పొట్లాలు కొని కలుపుకోవచ్చు. కానీ రెండు గంటల దూరంలో సముద్రం పెట్టుకుని పొట్లం విప్పడం నాకు చిన్నతనంగా తోచింది. దివిసీమ చివర పల్లెలో నాకు చెరువుల కాలం నుంచి తెలిసిన జాలరి ఉన్నాడు. సొంత ఫైబర్ బోటు. నాకంటే రెండేళ్ళు పెద్ద. మేమిద్దరం 'బావా' అంటే 'బావా' అనుకునేవాళ్ళం. ఆ లెక్కన వాళ్ళావిడకు నేను అన్నయ్యను. ఆవిడ వారానికి నాలుగు రోజులు గంపతో గుడివాడ మార్కెట్‌కు వచ్చి చేపలు అమ్మేది.

తెల్లారేసరికి మేం ఏరు సముద్రంలో కలిసే మొగ దాటాం. బోటులో ఏడు డ్రమ్ములు. అలలకు నా పొట్ట తిరిగిపోతోంది.

"బావా, వాంతి వస్తే గాలి వాలుకి తిరుగు" అన్నాడు. "నా నీళ్ళలో కక్కావంటే ఇంకో గంట లోపలికి పోవాల్సి వస్తది."

మొదట నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, తర్వాత ఆకుపచ్చ. అతను అప్పుడప్పుడూ చెయ్యి ముంచి నాలుకకు రాసుకుని ఉమ్మేస్తున్నాడు. "ఇంకా ఏటి తీపి ఉంది" అని ఇంజను ఆపకుండా పోనిచ్చాడు. పన్నెండు బారల లోతు దాటాక ఒక గీత కనిపించింది. చాకుతో కోసినట్టు ఇటు పచ్చ, అటు నీలం. ఆ నీలంలోకి వెళ్ళి ఇంజను ఆపాడు. నాలుక మీద చుక్క వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఇదీ. నీ గొట్టం ఏమంటదో చూడు."

ఉప్పు శాతం కొలిచే గొట్టం కంటికి పెట్టుకుని చూశాను. పగడాలకు సరిగ్గా కావలసినంత. అతనికి చెప్పాను.

"నా నాలుక ముందే చెప్పింది. పైగా అది కింద పడినా పగలదు."

ఒక్కొక్క డ్రమ్మునూ ఆ నీళ్ళతోనే మూడుసార్లు కడిగాడు. నేను ఒకసారి చాలన్నా వినలేదు. "డాక్టరమ్మ ఇంట్లో పదిమంది చూసే నీళ్ళు బావా. నా పేరు ఉంటది వాటికి" అన్నాడు. మినీ లారీలో ఎక్కించుకుని వస్తుంటే మోపిదేవి దగ్గర బండి ఆపించి గుడి వైపు దణ్ణం పెట్టుకున్నాడు. ఏం మొక్కావని అడిగితే, "సముద్రాన్ని గుడివాడ తీసుకుపోతన్నా, ఒలక్కుండా చూడమన్నా" అన్నాడు. ముందు సీట్లో గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న వాళ్ళావిడ, "దేవుడికి ఎన్ని పనులు చెప్తాడో చూడు అన్నయ్యా, వల లాగమంటాడు, డ్రమ్ములు పట్టుకోమంటాడు" అంది.

ట్యాంకు నింపిన రోజు నేను ఎప్పుడు తిన్నానో నాకు గుర్తు లేదు. పాలిష్ చేసిన బల్ల మీద గాజు, గాజులో తెల్లటి ఇసుక, గుహల్లా పేర్చిన రాళ్ళు. ఏడో డ్రమ్ము నిండుగా మిగిలితే ఆవిరైన కొద్దీ పోసుకోవడానికి మెట్ల కింద ఉంచాం. పంపు వెయ్యగానే ముందు అంతా పాలలా తెల్లబడింది. డాక్టరమ్మ గారు కంగారుపడ్డారు. రేపటికి తేరుకుంటుందని చెప్పాను. మర్నాడు క్లినిక్కు వెళ్ళకుండా ఆవిడ నాకు ఫోన్ చేసి, "అవతలి గోడ కనిపిస్తోందండీ, నీళ్ళు ఉన్నట్టే లేదు" అన్నారు. సైకిల్ తొక్కినంత వేగంగా నడిచి వెళ్ళాను.

మన సముద్రంలో పగడాన్ని ముట్టుకోవడం నేరం. కాబట్టి ఫారంలో పెంచిన మొక్కల్లాంటి చిన్న చిన్న ముక్కలను కాగితాలతో సహా చెన్నై నుంచి తెప్పించాను. నెల రోజుల పైన నీళ్ళు పరీక్షించి, పరీక్షించి, ఇక చాలు అనుకున్న రోజున వాటిని రాళ్ళకు అతికించాను. మొదటి గంట ముడుచుకుని మట్టిబెడ్డల్లా ఉన్నాయి. తర్వాత ఒకదాని కొనన లేత ఆకుపచ్చ వేలు ఒకటి బయటికి వచ్చింది. ఇంకొకటి. సాయంత్రానికి రాయి రాయంతా ఊగుతోంది. నారింజ రంగు చేపలు జంట, ఎర్ర వీపు మీద తెల్ల గీతతో శుభ్రం చేసే రొయ్యలు ఆరు. అవి తమ మీసాలు ఊపుతూ చేపల ఒళ్ళు పట్టి చూస్తాయి. డాక్టరమ్మ గారు గాజుకు ముక్కు ఆనించి, "ఇవి నా పనే చేస్తున్నాయండీ, ఆ చేప నోరు తెరిచింది చూడండి" అన్నారు.

కూడిక రోజు పొద్దున మేస్త్రీ బీరువా తలుపులు తెచ్చి బిగించాడు. అంతవరకూ కింది భాగం తెరిచే ఉంది. వచ్చినవాళ్ళకు గొట్టాలు కనపడకుండా తలుపులు మూసేశాం. పాస్టరు గారు ప్రార్థన చేస్తూ సముద్ర మత్స్యముల సంగతి ఎత్తినప్పుడు సగంమంది కళ్ళు తెరిచి ట్యాంకు వైపు చూడడం నేను చూశాను. నేనూ కళ్ళు తెరిచే ఉన్నాను కదా. బావ తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ఎవరు మెచ్చుకున్నా డాక్టరమ్మ గారు అతని భుజం చూపించి, "నీళ్ళు ఈయనవి" అన్నారు. అతను ఆ రోజంతా గోడకు ఆనకుండా నిటారుగా నిలబడ్డాడు.

మూడో రోజు పొద్దున ఫోన్ వచ్చింది. వెళ్ళేసరికి ఆరు రొయ్యల్లో నాలుగు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటున్నాయి. మధ్యాహ్నానికి ఆరూ పోయాయి. తర్వాత చిన్న పీతలు. పగడాలు ముడుచుకుపోయాయి. చేపలు మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాయి.

రొయ్యలు చచ్చి చేపలు బతికాయంటే పురుగుమందు. అది నాకు చూసిన క్షణంలో తెలిసింది. ఎక్కడి మందు అనేదే ప్రశ్న. డాక్టరమ్మ గారు, ఆవిడ క్లినిక్కు కాంపౌండరు, ఇద్దరూ నా మొహంలోకి చూస్తున్నారు.

"నీళ్ళండీ" అన్నాను. "పొలాల్లో మందులు కొట్టే రోజులు. డ్రెయిన్ల నీళ్ళన్నీ అక్కడే సముద్రంలో కలుస్తాయి."

ఆ మాట అన్నప్పుడు నేను నమ్మే అన్నాను. అంతవరకూ నాది పొరపాటు మాత్రమే. అన్నాళ్ళూ రొయ్యలు హాయిగా తిరిగిన నీళ్ళు ఆ వారమే ఎందుకు చంపాయని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే చాలు. ఆలోచించలేదు.

మర్నాడు మార్కెట్ రోజు. కబురు తెలిసి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నా దుకాణానికి వచ్చారు. బావ కూర్చోలేదు.

"నా నీళ్ళలో మందేంటి బావా? నువ్వు నాతో వచ్చావు, చూశావు."

"కంటికి కనపడదు కదా బావా."

"కనపడదు. అయితే పిల్లేసి చూడు."

చెరువులో రొయ్యపిల్లను వదలబోయే ముందు మేం చేసే పని అది. ఆ నీళ్ళు బకెట్లో తీసుకుని పాతిక పిల్లలను వేసి, బతుకుతాయో లేదో చూస్తాం. మెట్ల కింద ఏడో డ్రమ్ము ఉంది. అదే రోజు తెచ్చిన అవే నీళ్ళు. ఒక బకెట్లో డ్రమ్ము నీళ్ళు, ఒక బకెట్లో ట్యాంకు నీళ్ళు. అంతకన్నా సరైన పరీక్ష లేదు.

"సాయంత్రం ఆటో ఎక్కే ముందు వస్తాం" అని వెళ్ళారు.

పరీక్ష నేనొక్కణ్ణే చేశాను. తెలిసిన వాళ్ళ దగ్గర రొయ్యపిల్లను తెచ్చి రెండు బకెట్లలో వేశాను. రెండు గంటలు తిరక్కుండానే ట్యాంకు నీళ్ళలో పిల్లలు గిరగిరా తిరిగి పక్కకు ఒరిగాయి. డ్రమ్ము నీళ్ళలో పాతికకు పాతికా బకెట్ అంచు పట్టుకుని ఈదుతున్నాయి. తోకలు విసనకర్రల్లా తెరుచుకుని, ఎంత హుషారుగా ఉన్నాయో.

నేను పరుగులాంటి నడకతో డాక్టరమ్మ గారింటికి వెళ్ళి బీరువా తలుపు తీశాను. లోపలి నుంచి వెచ్చటి ఆవిరి మొహాన కొట్టింది. బల్ల అడుగున చెయ్యి పెట్టాను. తడి. తలుపులు మూసిన మూడు రోజులుగా ఆవిరి పట్టి, పాలిష్ లేని ఆ చెక్క చెమర్చి, నేను మందు పెట్టి పూడ్చిన చిల్లుల దగ్గర బొట్టు కట్టి, సరిగ్గా వడపోత తొట్టిలోకి రాలుతోంది. వేళ్ళు వాసన చూసుకున్నాను. చూడనక్కర్లేదు.

ఆవిడ క్లినిక్కులో ఉన్నారు. నేను దుకాణానికి తిరిగి వచ్చి, బతికి ఉన్న పాతిక పిల్లలను బకెట్‌తో సహా తీసుకెళ్ళి మురుగుకాలవలో పారబోశాను.

దీని గురించి చాలాసార్లు ఆలోచించాను. దుకాణం పోతుందని భయమా? అది కొంతే. అసలు సంగతి, రొయ్యల టెక్నీషియన్ తన చేత్తో రొయ్యలకు మందు పెట్టాడని పదిమందీ నవ్వడం నేను భరించలేకపోయాను. అంతే. అంత చిన్న కారణం.

సాయంత్రం వాళ్ళు వచ్చారు.

"రెండింట్లోనూ పోయాయి బావా" అన్నాను.

అతను బకెట్ల కోసం చూశాడు. కడిగి బోర్లించి ఉన్నాయి.

"నువ్వే చూశావా?"

"చూశాను."

ఒక బకెట్ ఎత్తి లోపలికి చూసి మళ్ళీ బోర్లించాడు. తర్వాత తల ఊపాడు. "చదువుకున్నోడివి. నువ్వు చూశానంటే ఇంకేముంది" అన్నాడు. వాళ్ళావిడ గంప ఎత్తుకుంటూ నా మొహంలోకి చూడలేదు. సిగ్గుపడింది. నేను పడాల్సిన సిగ్గు.

ఆ తర్వాత నేను చేసినదంతా మంచి పనితనమే. నీళ్ళు పారబోసి, తొట్టి, రాళ్ళు కడిగి, బల్ల అడుగంతా నీళ్ళు దూరని ఎపాక్సీ పూసి, దాని కింద ఏటవాలుగా ప్లాస్టిక్ రేకు బిగించాను. ఎందుకని డాక్టరమ్మ గారు అడిగితే, ఆవిరికి చెక్క పాడవకుండా అన్నాను. ఆ వారంలో నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది. ఉప్పు పొట్లాలతో కొత్త నీళ్ళు కలిపాను. రొయ్యలు బతికాయి, పగడాలు పెరిగాయి. ఏలూరు నుంచి, విజయవాడ నుంచి మనుషులు చూడడానికి వచ్చేవారు. అందరికీ నేను చెప్పేది ఒకటే, దివిసీమ నీళ్ళు వాడకండి అని. మన అక్వేరియం వాట్సాప్ గ్రూపులో పెద్ద వ్యాసమే రాశాను. మీరు విన్నది అక్కడి నుంచే.

నీళ్ళ మీద వేసిన మాట నీళ్ళతో ఆగలేదు. ఆ సముద్రంలో మందు ఉందంటే ఆ సముద్రంలో చేపలో? డాక్టరమ్మ గారి కాంపౌండరు వీధిలో చెప్పాడు, వీధి మార్కెట్లో చెప్పింది. బావ వాళ్ళావిడ గంప దగ్గర జనం ఆగి, "ఏ ఊరివి చేపలు?" అని అడిగి వెళ్ళిపోయేవారట. కొన్నాళ్ళకు ఆవిడ గుడివాడ రావడం మానేసింది. నేను గమనించాను. గమనించనట్టు ఉన్నాను. రెండేళ్ళు అలా గడిచాయి.

ఒక పని మీద ఉయ్యూరు వెళ్ళి సంతలోంచి నడుస్తుంటే వెనక నుంచి "అన్నయ్యా" అని పిలుపు. ఆవిడే. ఎండలో, నీడ లేని చోట గంప పెట్టుకుని కూర్చుంది. అంత దూరం రెండు బస్సులు మారి వస్తోందట.

"డాక్టరమ్మ గారి ట్యాంకులో రొయ్యలు బాగున్నాయా అన్నయ్యా?"

"బాగున్నాయమ్మా."

"మా నీళ్ళ వల్ల నీ పేరు పోయేది. ఆయన ఇప్పటికీ అనుకుంటా ఉంటాడు, బావకి మొహం ఎట్టా చూపించేదని." పండుగప్ప ఒకటి ఆకులో చుట్టి నా చేతిలో పెట్టింది. వద్దంటే వినలేదు.

ఆ చేపను పట్టుకుని బస్టాండు దాకా నడిచాను. బస్సు ఎక్కాక, గుడివాడలో ఇంటికి పోకుండా క్లినిక్కుకు వెళ్ళాను. చేప వాసనకు రోగులు ముక్కు మూసుకున్నారు. డాక్టరమ్మ గారు లోపలికి పిలిచారు. నిలబడే మొత్తం చెప్పాను. సిరంజి, అడుగుభాగం, పాతిక పిల్లలు, మురుగుకాలవ.

ఆవిడ చేతి తొడుగులు తీసి పక్కన పెట్టారు. "ఎక్కడో పుచ్చు ఉందని అనుకున్నానండీ. ఏ పన్నో తెలియలేదు" అన్నారు. తర్వాత, "ఆవిడ దగ్గర చేపలు కొనడం నేనూ మానేశాను. మా ఇంట్లో మాటే ఊరంతా తిరిగింది. నాకు చెప్పి ఏం లాభం? అక్కడికి వెళ్ళండి" అన్నారు.

మర్నాడే వెళ్ళాను. బావ ఇంటి ముందు వల బాగుచేస్తున్నాడు. "రా బావా" అని పీట జరిపాడు. నేను చెబుతున్నంతసేపూ అతని చేతిలో దారం కదులుతూనే ఉంది. పిల్లలను కాలవలో పోశానన్న దగ్గర ఆగింది.

"బతికే ఉన్నాయా?"

"పాతికా."

"ఎట్టా ఈదినాయి?"

చెప్పాను. అంచు పట్టుకుని, తోకలు తెరుచుకుని. అతను అది వింటుంటే అతని మొహంలో రెండేళ్ళ బరువు దిగడం నాకు కనిపించింది. ఆ తర్వాతే కోపం వచ్చింది. లేచి వల దులిపాడు.

"సరే అండి, టెక్నీషియన్ గారూ. చెప్పారుగా. వెళ్ళి రండి."

ఇప్పటికీ అతను నన్ను 'గారు' అనే పిలుస్తాడు. అంతకంటే తిట్టినా బాగుండేది. మీకెవరికైనా నీళ్ళు కావాలంటే తెచ్చిపెడతాడు, ఇప్పుడు నలుగురైదుగురికి తెస్తున్నాడు, వాళ్ళ ట్యాంకుల్లో రొయ్యలు గుడ్లు పెడుతున్నాయి. నా పేరు చెప్పకుండా అడగండి.

ఆ రోజు నేను లేవబోతుంటే లోపల నుంచి వాళ్ళావిడ బయటికి వచ్చింది. అంతా విందని ఆవిడ నడుముకు బిగించిన కొంగే చెప్పింది.

"ఈయనతో నీకు మాటలేంటి అన్నయ్యా? చెడింది నా బేరం. శనివారం పొద్దున గుడివాడ మార్కెట్‌కి రా. నోరు తెచ్చుకుని రా."

వెళ్ళాను. ఆవిడ రెండేళ్ళ తర్వాత తన పాత చోట గంప దించింది. పక్కన చేపల పెట్టె ఒకటి బోర్లించి చేత్తో తట్టింది. "ఎక్కు."

ఎక్కాను. అటు కత్తిపీటల ముందున్న ఆడవాళ్ళు, ఇటు సంచులతో వచ్చినవాళ్ళు తలెత్తి చూశారు. ఈవిడ ఊరి సముద్రంలో మందు లేదని, డాక్టరమ్మ గారి ట్యాంకులో రొయ్యలను చంపింది నా మందేనని, అబద్ధం చెప్పింది నేనని అన్నాను.

"ఇంకోసారి చెప్పు. పీతల వాళ్ళకి వినపడలా."

చెప్పాను.

సంచి పట్టుకున్న ఒక పెద్దాయన దగ్గరికి వచ్చాడు. "అంటే రొయ్యల డాక్టరువి అయ్యుండి రొయ్యలకి మందు పెట్టింది నువ్వేనా బాబూ?"

"నేనేనండీ."

మార్కెట్ మార్కెట్టంతా నవ్వింది. రెండేళ్ళు నేను ఏ నవ్వుకు భయపడి దాక్కున్నానో ఆ నవ్వే. పెట్టె మీద నిలబడి విన్నాను. చచ్చిపోలేదు. విచిత్రంగా, మొదటిసారి ఆ బల్ల చుట్టూ తిరిగినప్పుడు కొట్టుకున్నట్టే గుండె కొట్టుకుంది.

కాసేపటికి డాక్టరమ్మ గారే సంచితో వచ్చారు. జనాన్ని తప్పించుకుని ముందుకు వంగి పండుగప్ప ధర అడిగారు. బావ వాళ్ళావిడ చేపల మీద నీళ్ళు చల్లుతూ, తల కూడా ఎత్తకుండా నా వైపు చెయ్యి చూపించింది.

"ముందు ఈయన చెప్పేది వినండమ్మా. బేరం తర్వాత."